దొంగలు పగలగొట్టిన వీధి తలుపును మార్చడం: మొదటి రాత్రి నుంచి చివరి స్క్రూ దాకా

ఇంట్లో దొంగతనం జరిగి వీధి తలుపు పగిలినప్పుడు అందరూ ముందు అడిగేది కొత్త తలుపు ఖరీదు. అంతకంటే ముందు తేల్చుకోవాల్సింది దర్వాజా ఎలా ఉందన్నది. దొంగ గడ్డపార దూర్చి నెట్టినప్పుడు మందపాటి టేకు రెక్క నడిమికి విరగడం అరుదు. గడియ దూరే రంధ్రం దగ్గర దర్వాజా చీలుతుంది, లేదా ఆల్‌డ్రాప్ (తాళం కప్ప వేసే పెద్ద అడ్డ గడియ) స్క్రూలు ఊడి వస్తాయి, లేదా దర్వాజాయే గోడ నుంచి కదులుతుంది. ఆ చోటు బాగుచేయకుండా ఎంత ఖరీదైన రెక్క పెట్టినా, అదే చోట మళ్లీ అదే దెబ్బకు తెరుచుకుంటుంది. అందుకే ఇక్కడ రెక్క కంటే దర్వాజా గురించి, గడియల గురించి ఎక్కువ చెప్తాను.

దర్వాజా అంటే గోడలో బిగించిన చట్రం. కోస్తా వైపు ద్వారబంధం అంటారు. రెక్క అంటే మనం తెరిచి మూసే పలక. ఈ రెండు మాటలూ కింద ఇదే అర్థంలో వస్తాయి.

1. చెయ్యి వేసే ముందు

తలుపు పగిలి ఉందని చూడగానే లోపలికి పరుగెత్తాలనిపిస్తుంది. ఆగండి. లోపల ఇంకా ఎవరైనా ఉండొచ్చు. బయటే నిలబడి 112కి గానీ 100కి గానీ ఫోన్ చేయండి.

పోలీసులు, క్లూస్ టీమ్ వచ్చి వేలిముద్రలు తీసుకునేదాకా తలుపును, తాళం కప్పను, కింద పడిన చెక్క ముక్కలను ముట్టుకోవద్దు. ఊడ్చేయవద్దు. టెన్షన్‌లో చాలామంది మొదట చేసేది శుభ్రం చేయడమే.

ఈలోపు ఫోన్‌తో ఫొటోలు తీసి పెట్టుకోండి:

- వీధిలోంచి గుమ్మం మొత్తం కనిపించేలా ఒకటి
- గడియ దగ్గర పగిలిన చోటు, పక్కన కొలత టేపు పెట్టి దగ్గర నుంచి
- బందుల (రెక్క తిరిగే హింజ్‌ల) వైపు అంచు, పై నుంచి కింది దాకా
- దర్వాజాకూ గోడకూ మధ్య పగుళ్లు ఉంటే అవి
- వంగిన ఆల్‌డ్రాప్, తెగిన తాళం, రాలిన స్క్రూలు ఎక్కడ పడ్డాయో అక్కడే

ఫిర్యాదు రాసేటప్పుడు పోయిన నగలు, డబ్బుతో పాటు ‘వీధి తలుపు, దర్వాజా, తాళం ధ్వంసమయ్యాయి’ అని కూడా రాయండి. ఈ ఒక్క వాక్యం లేక తర్వాత బీమా దగ్గర ఇబ్బంది పడేవాళ్లున్నారు. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం ఎఫ్‌ఐఆర్ కాపీ ఫిర్యాదుదారుకు ఉచితంగా ఇవ్వాలి. మీరు వేరే ఊళ్లోనో విదేశంలోనో ఉంటే ఎలక్ట్రానిక్ పద్ధతిలోనూ సమాచారం ఇవ్వవచ్చు. కానీ మూడు రోజుల్లోపు వచ్చి సంతకం చేస్తేనే అది నమోదవుతుంది.

ఇంటి బీమా ఉంటే పాలసీ తీసి చదవండి. 2021 ఏప్రిల్ నుంచి కంపెనీలన్నీ ఇస్తున్న ‘భారత్ గృహ రక్ష’ పాలసీలో దొంగతనానికి విడిగా రక్షణ లేదు. అగ్నిప్రమాదం, వరద వంటివి జరిగినప్పుడు ఆ కారణంగా ఏడు రోజుల్లోపు జరిగే దొంగతనానికే అది వర్తిస్తుంది. బర్గ్లరీ కవర్ (దొంగతనానికి బీమా) విడిగా తీసుకున్నారో లేదో చూసుకోండి. తీసుకుని ఉంటే, నష్టం అంచనా వేసే బీమా సర్వేయర్ చూసి వెళ్లేదాకా పాత తలుపును పారేయకండి, అమ్మేయకండి.

అద్దె ఇల్లయితే ఇంటి ఓనర్‌కు అదే రోజు ఫొటోలు పంపి, ఎవరు ఎంత భరిస్తారో రాతలో ఖరారు చేసుకోండి.

2. ఆ రాత్రికి ఏం చేయాలి

కొత్త దర్వాజా, రెక్క తయారవడానికి రోజులు పడుతుంది. ఒకసారి పడిన ఇంటి మీద దొంగలు మళ్లీ కన్నేయడం ఉంటుంది కాబట్టి మొదటి రాత్రి ముఖ్యం.

రెక్క ఇంకా బందుల మీదే నిలబడి ఉంటే, లోపలి వైపు పై గడియ, కింది గడియ వేసి, అడ్డంగా ఒక మందపాటి చెక్క దూలాన్ని గోడ నుంచి గోడకు వచ్చేలా బిగించండి. రాకపోకలు పెరటి తలుపు నుంచి పెట్టుకోండి.

రెక్క నిలబడే స్థితిలో లేకపోతే 18 మి.మీ. ప్లైవుడ్ పలకను గుమ్మానికి బయటి వైపు పెట్టి, లోపల అడ్డంగా రెండు చెక్కలు పెట్టి, నాలుగు బోల్టులతో రెండింటినీ కలిపి బిగించాలి. బోల్టు గుండ్రటి తల బయటికి, నట్టు లోపలికి ఉండాలి. మేకులు కొట్టి వదిలేస్తే గడ్డపారతో ఒక్క లాగుడుకే ఊడుతుంది.

ఇంట్లో ఉంచిన స్పేర్ తాళంచెవులు ఉన్నాయో లేవో ఆ రాత్రే చూసుకోండి. గుత్తి పోతే పెరటి తలుపు, డాబా తలుపు, బీరువా, స్కూటర్ తాళాలు కూడా మార్చాల్సిందే. సిలిండర్ ఉన్న మోర్టైస్ తాళమైతే (రెక్కలోపల ఇమిడే రకం) మొత్తం తీయనక్కర్లేదు, తాళంచెవి దూరే ఆ సిలిండర్ ఒక్కటి మారిస్తే చాలు.

3. దెబ్బ ఎక్కడిదాకా వెళ్లింది

ఈ పరీక్ష పగటి వెలుతురులో, కార్పెంటర్ రాకముందే మీరే చేయండి. ఆయన వచ్చాక ఆయన చెప్పినదానికి తలూపడం కాకుండా మీ ప్రశ్నలు మీకుంటాయి.

ముందు రెక్క. గడియ వైపు నిలువు చెక్కను పైనుంచి కిందికి వేలితో తడమండి. పైకి కనిపించని సన్నటి చీలిక పాలిష్ కింద దాక్కుంటుంది. ఉలి మొనతో మెల్లగా నొక్కితే తెరుచుకుంటుంది. ఫ్లష్ డోర్ (రెండు వైపులా ప్లైవుడ్ అతికించిన చదునైన రెక్క) అయితే వేలి ముడితో కొట్టి వినండి. డొల్ల మోత వస్తే లోపలి చెక్క విరిగి ఉండొచ్చు, లేదా అసలు లోపల డొల్లే కావచ్చు, దాన్ని మార్చడమే మంచిది.

తర్వాత దర్వాజా. గడియ దూరే రంధ్రం చుట్టూ చీలిక ఎంత పొడవుందో కొలవండి. ఎదురుగా బందుల వైపు కూడా చూడండి. గడియ వైపు నెట్టిన బలమంతా బందుల మీద కూడా పడుతుంది, అక్కడ స్క్రూలు బయటికి వచ్చి ఉండొచ్చు.

చివరగా గోడ. దర్వాజాను రెండు చేతులతో పట్టుకుని ముందుకూ వెనక్కీ ఊపండి. కొంచెమైనా కదిలితే, లేదా అంచు వెంట సిమెంటు రాలితే, లోపలి హోల్డ్‌ఫాస్ట్‌లు (దర్వాజాను గోడకు పట్టి ఉంచే ఇనుప పట్టీలు) వదులయ్యాయని అర్థం.

నేనైతే ఇలా నిర్ణయిస్తాను:

- చీలిక ఆరు అంగుళాల లోపు, గడియ చుట్టూ మాత్రమే ఉండి, దర్వాజా కదలకపోతే: ఆ భాగం కోసి అదే జాతి చెక్కతో అతుకు వేయించి, పైన పొడవైన స్టీలు పట్టీ బిగించాలి. దర్వాజా మార్చక్కర్లేదు.
- చీలిక ఒక అడుగు దాటినా, మూలల్లో కూసం కీలు (ఒక చెక్క కొన ఇంకో చెక్కలో దూరే అతుకు) విడినా, చెద కనిపించినా: దర్వాజా మార్చాలి.
- చెక్క బాగుండి గోడ నుంచి కదిలితే: చెక్క మార్చకుండా యాంకర్లతో (గోడలోకి దిగి పట్టుకునే బోల్టులతో) మళ్లీ బిగించవచ్చు.

వీటి మధ్యలో ఉంటే? చీలిన నిలువు చెక్కలో స్క్రూ గట్టిగా పట్టుతోందో లేదో చూడండి. ఊరికే తిరిగితే ఇంక అతుకులు వద్దు.

4. కొలతలు

మన ఇళ్లలో వీధి గుమ్మం సాధారణంగా మూడున్నర అడుగుల వెడల్పు, ఏడు అడుగుల ఎత్తు. ‘సాధారణంగా’ అన్న మాటను నమ్మి రెక్క ఆర్డర్ ఇవ్వకండి. పాత ఇళ్లలో పైకీ కిందికీ అర అంగుళం తేడా మామూలే.

- దర్వాజాలో రెక్క కూర్చునే గాడి నుంచి ఎదురు గాడి వరకు వెడల్పు: పైన, మధ్యలో, కింద. మూడింటిలో చిన్నది రాసుకోండి.
- ఎత్తు: ఎడమ, మధ్య, కుడి.
- ఐమూల కొలతలు (ఒక మూల నుంచి ఎదురు మూలకు) రెండూ. రెండింటికీ 3 మి.మీ. కంటే ఎక్కువ తేడా ఉంటే దర్వాజా మూలమట్టంలో లేనట్టు.
- గాడి లోతు, రెక్క మందం.
- గోడ మందం, ప్లాస్టరింగ్‌తో సహా.
- బయట నిలబడి చూస్తే బందులు ఏ వైపు, రెక్క లోపలికి తెరుచుకుంటుందా బయటికా.

రెక్క సైజు తేల్చేటప్పుడు చిన్న వెడల్పులో నుంచి 6 మి.మీ. తీసేయండి, రెండు పక్కలా 3 మి.మీ. చొప్పున సందు. పైన 3, గడప దగ్గర 5 మి.మీ. చాలు.

దర్వాజా కూడా చేయిస్తుంటే కలప లెక్క మీకే తెలియాలి. ఐదు అంగుళాలు మూడు అంగుళాల కోతలో, మూడున్నర బై ఏడు గుమ్మానికి గడపతో సహా మొత్తం పొడవు 21 అడుగులు. 21ని 5తో, 3తో గుణించి 144తో భాగిస్తే దాదాపు 2.2 ఘనపుటడుగులు. కోత, చిత్రికలో పోయేదానికి కొంత కలుపుకోవాలి. మూడున్నర ఘనపుటడుగులు బిల్లు వేస్తే ఎందుకో అడగండి.

5. ఏ చెక్క, ఏ రెక్క

దర్వాజాకు టేకు మంచిది. తెలంగాణలో బల్లార్షా టేకు అని అడుగుతారు. బడ్జెట్ సరిపోకపోతే దర్వాజా టేకుతో చేయించి, రెక్క ఖర్చు తగ్గించుకోండి. చాలామంది దీనికి సరిగ్గా వ్యతిరేకంగా చేస్తారు. చెక్కడాలున్న రెక్క మీద డబ్బంతా పోసి, దర్వాజా దగ్గర పొదుపు చేస్తారు. దొంగకు కావాల్సింది కూడా అదే. బాగా ఆరిన వేప, నల్లమద్ది కూడా దర్వాజాకు పనికొస్తాయి. ఆరని చెక్క మాత్రం ఏ జాతిదైనా వద్దు. డిపోలో తేమ మీటరు ఉంటే పెట్టించి చూడండి, 12 శాతం దగ్గర ఉండాలి.

రెక్క మందం 35 మి.మీ.కి తగ్గకూడదు, 38 ఉంటే మేలు. మోర్టైస్ తాళం కోసం చెక్క తొలిచాక ఇరువైపులా మిగిలేది తక్కువ. ఫ్లష్ డోర్ కొంటే ఐఎస్ 2202 గుర్తు, లోపల పూర్తి చెక్క నింపినదని బిల్లులో రాసి ఇవ్వమనండి. పడకగదికి వాడే తేలికపాటి రెక్కను వీధికి పెట్టకూడదు.

పలకల రెక్క తీసుకుంటే పలకలు ఎంత మందమో చూడండి. రెక్క చుట్టూ చెక్క 38 మి.మీ. ఉండి మధ్య పలక 12 మి.మీ. ఉంటే, కాలితో తన్నితే పోయేది ఆ పలకే.

స్టీలు తలుపులు ఇప్పుడు దర్వాజాతో కలిపి సెట్‌గా వస్తున్నాయి. చెదకు భయం లేదు. అయితే రేకు మందం, తాళం చుట్టూ లోపల బలపరిచిన ప్లేటు ఉందా అన్నవి రాతపూర్వకంగా అడగండి. బరువుగా ఉందని మోసపోవద్దు.

అపార్ట్‌మెంట్‌లో ఉంటే బయటి రంగు, గ్రిల్ తలుపు విషయంలో అసోసియేషన్ నియమాలు ముందే కనుక్కోండి.

6. పాతదాన్ని ఊడదీయడం

ముందు ఒక హెచ్చరిక. పెంకుటిళ్లలో, పాత మట్టి గోడల ఇళ్లలో గుమ్మం పైన విడిగా లింటెల్ (పై గోడ బరువు మోసే అడ్డ దూలం) ఉండకపోవచ్చు. గోడ బరువు నేరుగా దర్వాజా పై చెక్క మీదే ఉంటుంది. అలాంటి చోట పై గోడకు ఊతకర్రలు పెట్టకుండా దర్వాజా లాగితే గోడ కూలుతుంది. కార్పెంటర్ ఒక్కడి పని కాదిది, తాపీ మేస్త్రీని పిలవండి.

లింటెల్ ఉన్న ఇంట్లో వరస ఇది: రెక్కను ఇద్దరు పట్టుకుని ఉండగా కింది బందు నుంచి మొదలుపెట్టి పై బందు చివర్న విప్పాలి. టేకు రెక్క దాదాపు యాభై కిలోలు తూగుతుంది. తర్వాత దర్వాజా చుట్టూ ప్లాస్టరింగ్‌ను గ్రైండర్‌తో గీతగా కోయాలి. కోయకుండా లాగితే పక్క టైల్స్, గ్రానైట్ పగులుతాయి. నిలువు చెక్కను మధ్యలో కోసి, రెండు ముక్కలుగా లోపలికి లాగడం తేలిక. హోల్డ్‌ఫాస్ట్‌లు గోడలో గట్టిగా ఉంటే వాటిని తవ్వకుండా మట్టానికి కోసేయవచ్చు.

కొత్త గడపకు ముహూర్తం చూసుకునేవాళ్లు పాతది తీసే రోజును ముహూర్తానికి ముందు రోజుగా పెట్టుకోండి. వారం ముందే తీసి గుమ్మం బోసిగా ఉంచవద్దు.

7. దర్వాజా నిలబెట్టడం

పని మొత్తంలో తొందరపడకూడనిది ఇక్కడ.

దర్వాజాలో గోడకు ఆనే మూడు వైపులా చెద మందు పట్టించి, ఆరాక ప్రైమర్ గానీ తారు పూత గానీ వేయాలి. నిలబెట్టాక ఆ వైపులకు చెయ్యి అందదు.

గుమ్మంలో నిలబెట్టి, చెక్క చీలికలతో తాత్కాలికంగా బిగించండి. ఆ చీలికలు బందులు వచ్చే చోట, తాళం వచ్చే చోట ఉండాలి. మధ్యలో ఖాళీగా వదిలితే యాంకర్ బిగించగానే చెక్క గోడ వైపు వంగుతుంది.

ఇప్పుడు నాలుగు పరీక్షలు:

- తూకం గుండు: ప్రతి నిలువు చెక్కకు రెండు ముఖాల మీదా.
- మట్టం: గడప మీద, పై చెక్క మీద.
- ఐమూలలు: తేడా 3 మి.మీ. లోపు.
- మెలి: ఎదురెదురు మూలల నుంచి రెండు దారాలు బిగించి లాగితే, మధ్యలో ఒకదాన్నొకటి తాకుతూ ఉండాలి. ఎడం ఉంటే దర్వాజా మెలి తిరిగింది. ఇప్పుడు వదిలేస్తే రెక్క పైన తగిలి కింద తెరుచుకుని ఉంటుంది.

బిగింపుకు ఒక్కో వైపు కనీసం మూడు చోట్ల హోల్డ్‌ఫాస్ట్‌లో యాంకర్ బోల్టులో కావాలి. కొత్తగా గోడ తవ్వి పెడితే హోల్డ్‌ఫాస్ట్ చుట్టూ 1:2:4 (సిమెంటు, ఇసుక, కంకర) కాంక్రీటు నింపాలి. గోడ తవ్వలేని చోట 10 మి.మీ. యాంకర్లు దర్వాజా గుండా గోడలోకి వెళ్లాలి. ఎర్ర ఇటుక, కాంక్రీటులో ఇవి బాగా పడతాయి. తేలిక బ్లాకుల గోడలో మామూలు యాంకర్ వదులవుతుంది, అక్కడ పొడవైన నైలాన్ ప్లగ్గులో కెమికల్ యాంకరో (జిగురు మందుతో పట్టేది) వాడమనండి.

వీధి తలుపుకు ఇంకొక యాంకర్ అదనంగా కావాలి, సరిగ్గా తాళం వచ్చే ఎత్తుకు కొంచెం పైన. గడ్డపార బలం పడేది అక్కడే.

దర్వాజాకూ గోడకూ మధ్య సందును 1:3 (సిమెంటు, ఇసుక) మాల్‌తో గట్టిగా కూరాలి. నురుగులా ఉబ్బే ఫోమ్ ఇప్పుడు ఎక్కువగా వాడుతున్నారు. అది దుమ్మును, చీమలను ఆపుతుంది. బలం ఇవ్వదు. తాళం వెనక ఫోమ్ తప్ప ఏమీ లేకపోతే దర్వాజా సులువుగా వంగి గడియ బయటికి జారుతుంది.

మాల్ కూరాక తడుపుతూ కనీసం మూడు రోజులు ఆగండి. సాయంత్రమే రెక్క ఎక్కించేద్దామంటే ఒప్పుకోవద్దు. ఆ మూడు రోజులూ పాత ప్లైవుడ్ పలకే కాపలా.

8. రెక్క ఎక్కించడం

వీధి రెక్కకు నాలుగు బందులు, ఒక్కోటి ఐదు అంగుళాలది, స్టెయిన్‌లెస్ స్టీలు గానీ ఇత్తడి గానీ. పైది పై అంచు నుంచి ఎనిమిది అంగుళాల కింద, కిందిది కింది అంచు నుంచి పది అంగుళాల పైన. మిగిలిన రెండింటిలో ఒకటి పై బందుకు దగ్గరగా పెట్టించండి, ఎందుకంటే రెక్క బరువు పై బందునే బయటికి లాగుతుంది.

బందు కూర్చునే గాడి లోతు బందు రేకు మందానికి సమానంగా ఉండాలి. లోతు ఎక్కువైతే రెక్క మూసేటప్పుడు బందుల వైపు బిగుసుకుంటుంది. అప్పుడు గడియ వైపు చిత్రిక పట్టే పొరపాటు చేస్తారు. పట్టకండి, బందు కింద పలుచని అట్ట ముక్క వేస్తే సరిపోతుంది.

ముందు ఒక్కో బందుకు ఒక్కో స్క్రూ మాత్రమే. రెక్క ఆడించి, సందులు చూసి, ఆ తర్వాతే మిగతావి. స్క్రూలు రెండు అంగుళాలకు తగ్గకూడదు, ముందు సన్నటి డ్రిల్‌తో రంధ్రం చేసి తిప్పాలి. సుత్తితో సగం కొట్టి మిగతా సగం తిప్పే అలవాటు కొందరికి ఉంది. అలా కొట్టిన స్క్రూ చెక్కను చీలుస్తుంది తప్ప పట్టుకోదు. పక్కనే నిలబడి చూడండి.

రెక్క బయటికి తెరుచుకునేదైతే బందుల ఇరుసు వీధి వైపు కనిపిస్తుంది. ఇరుసు ఊడదీయలేని రకం బందులు వేయించండి.

9. తాళం, గడియలు

బయట ఆల్‌డ్రాప్‌కు పెద్ద తాళం కప్ప వేలాడదీస్తే ఇంట్లో ఎవరూ లేరని వీధి మొత్తానికి చెప్పినట్టే. అందుకే రెక్కలోపల ఇమిడే మోర్టైస్ తాళాన్ని నేను ఎప్పుడూ సిఫారసు చేస్తాను. ఆల్‌డ్రాప్ కావాలంటే దాన్ని స్క్రూలతో కాకుండా రెక్క గుండా పోయే బోల్టులతో, లోపల వాషరు, నట్టుతో బిగించాలి.

తాళం నేల నుంచి దాదాపు ఒక మీటరు ఎత్తున ఉండాలి. పలకల రెక్కలో అడ్డ చెక్క నిలువు చెక్కలో దూరే కీలు కూడా తరచూ అదే ఎత్తులో ఉంటుంది. సరిగ్గా ఆ కీలు మీదే తాళం కోసం తొలిస్తే రెక్క అక్కడ బలహీనమవుతుంది. రెండు మూడు అంగుళాలు పైకో కిందికో జరపమనండి.

గడియ దర్వాజాలోకి కనీసం 20 మి.మీ. దూరాలి. తాళంతో వచ్చే చిన్న స్టీలు పట్టీ, దాని ముప్పావు అంగుళం స్క్రూలు చాలవు. పొడవైన పట్టీ తీసుకుని, మూడు అంగుళాల స్క్రూలు బిగించండి. దర్వాజాలో గడియకు తొలిచే రంధ్రం గడియ సైజుకే ఉండాలి. అంచనాగా పెద్దది తొలిచి పైన పట్టీతో కప్పేస్తే లోపల చెక్క మిగలదు.

సిలిండర్ కొనేటప్పుడు మధ్య స్క్రూ రంధ్రం నుంచి రెండు చివరలకూ విడివిడిగా కొలవండి. బయటి వైపు హ్యాండిల్ ప్లేటు కంటే 2, 3 మి.మీ. మించి పొడుచుకు వస్తే పట్టకారుతో పట్టుకుని విరిచేస్తారు.

లోపల పైనా కిందా పది అంగుళాల టవర్ బోల్టులు. తలుపు పక్కనే కిటికీ ఉంటే గ్రిల్‌లోంచి చెయ్యి పెడితే గడియ అందుతుందేమో మీరే ప్రయత్నించి చూడండి.

10. కనిపించే లోపాలు, సవరణలు

రెక్క దానంతట అదే తెరుచుకుంటోంది. బందుల వైపు నిలువు చెక్క తూకంలో లేదు. బందుల స్థానం కొద్దిగా సర్దితే తగ్గవచ్చు. ఎక్కువైతే దర్వాజా మళ్లీ సరిచేయాలి.

గడప దగ్గర గడియ వైపు మూల రాసుకుంటోంది. పై బందు స్క్రూలు వదులయ్యాయి. ఒక్కొక్కటి తీసి పొడవైనవి వేయండి. కింద చిత్రిక పట్టడం చివరి మార్గం.

వానాకాలంలో బిగుసుకుంటోంది. చెక్క ఉబ్బింది. వెంటనే చిత్రిక పడితే ఎండాకాలంలో వేలు దూరేంత సందు వస్తుంది. పై, కింది అంచులకు పాలిష్ వేశారా చూడండి, చాలాసార్లు వేసి ఉండరు. తడి లోపలికి వెళ్లేది అక్కడినుంచే.

తాళం తిప్పాలంటే రెక్కను లాగి పట్టుకోవాలి. గడియ, రంధ్రం ఎదురెదురుగా లేవు. గడియ మొనకు సుద్ద రాసి తిప్పండి, గుర్తు ఎక్కడ పడిందో అటు మాత్రమే పట్టీని జరపాలి.

11. డబ్బు పూర్తిగా ఇచ్చే ముందు

కొంత మొత్తం ఆపి, పని చేసినవాళ్ల ఎదురుగానే ఇవన్నీ చూడండి:

- తలుపు మూసి, చుట్టూ సందు ఒకే తీరుగా ఉందా
- సగం తెరిచి వదిలితే అక్కడే నిలబడుతోందా
- ప్రతి బందులో అన్ని స్క్రూలూ ఉన్నాయా, తలలు అరగకుండా
- తాళం వేసి, భుజంతో బయటి నుంచి నెడితే దర్వాజా కదులుతోందా
- ప్రతి తాళంచెవితో లోపలా బయటా తిప్పి చూశారా, సీల్ చేసిన ప్యాకెట్ మీ చేతికే వచ్చిందా
- పై, కింది అంచులకు పాలిష్ పడిందా (చిన్న అద్దం కింద పెట్టి చూడవచ్చు)
- కలప, తాళం, కూలీ బిల్లులు విడివిడిగా ఉన్నాయా, బీమాకు కావాలి

పాత దర్వాజాలో టేకు ఉంటే పోలీసు, బీమా పనులు ముగిశాక వడ్రంగి చేత కోయించుకోండి. చీలని ముక్కలు కిటికీ చట్రాలకు, అలమరకు పనికొస్తాయి. కొత్త తలుపు స్క్రూలను మాత్రం మొదటి వానాకాలం అయ్యాక ఒకసారి బిగించండి.